తంపర ఆడపడుచులు

మా మేనత్త పద్మకుమారికి ఒక దురలవాటు ఉంది. ఎదుటివాడు సంతోషంగా ఉన్నప్పుడే చూసి మరీ అడగకూడని ప్రశ్న అడుగుతుంది. ఆ నోటికి జిల్లేడుపేటలో సర్పంచులే జడిసేవారు, స్థలాలు అమ్ముకుని బతికే నేనెంత! నా పేరు ధర్మేంద్ర. కోటబొమ్మాళి స్టేషన్‌కి పోయే దారిలో నాకొక ఆఫీసుంది. బోర్డు మాత్రం ఘనంగా ఉంటుంది. లోపల చూస్తే ఒక ఫ్యాను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు.

మాది తంపరవలస. తంపర అంటే మా వైపు ఏడాదిలో సగం పైన నీళ్లు నిలిచే పల్లపు నేల. వరి తప్ప ఇంకొకటి పండదు. ఆ వరి కూడా ఒక ఏడు చేతికొస్తే ఒక ఏడు మునిగిపోతుంది. అత్తని పక్కనున్న జిల్లేడుపేటకే ఇచ్చారు. పెళ్లినాడు మా తాత పసుపు కుంకుమ కింద తంపరలో ఒక చెక్క ఆవిడ పేర రాశాడు. మావయ్య పోయాడు, పిల్లలు లేరు. ఆ చెక్కని మా నాన్న జగన్నాధమే దున్నుతాడు. పంట రాగానే చెల్లెలి పాలు ముందుగా బండికెత్తించి, తనే తోలుకెళ్లి ఆవిడ అరుగు మీద దింపి వస్తాడు. ఆ బండి వచ్చిన రోజు అత్త వీధిలో నడిచే తీరే వేరు. "పుట్టిల్లున్న ఆడదానికి ఎండేటి, వానేటి!" అని వినబడేలా అనేది.

జిల్లేడుపేటకి ఒక గొప్ప ఉంది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే ఆ ఊరి చింతచెట్ల మీదికి నత్తకొంగలు వచ్చి దిగుతాయి. బూడిదరంగు ఒళ్లు, నల్ల రెక్కలు. ముక్కు మూసినా మధ్యలో చిన్న సందు మిగిలిపోతుంది. చెట్టుచెట్టుకీ గూళ్లే. ఊరివాళ్లు వాటిని పక్షులు అనరు, పురిటికొచ్చిన ఆడపడుచులంటారు. మొదటి కొంగ వాలిన చెట్టుకి పసుపు రాసి బొట్టు పెడతారు. అవి తిరిగి వెళ్లేదాకా ఊళ్లో పెళ్లికి బ్యాండు మోగదు, దీపావళికి ఒక్క టపాకాయ పేలదు, చింతకొమ్మ మీద కత్తి పడదు. గూట్లోంచి పిల్ల జారిపడితే, ఎవరి వాకిట్లో పడిందో ఆ ఇంటివాళ్లే సాకాలి. ఇక ఆ రెట్టల కంపు! కంపు అని ఎవడైనా అంటే మా అత్త చీపురు తీసేది. "పురిటింటి వాసనరా అది. నీ పురిటికి మీ అమ్మ మంచం కింద గంధం పూసినారనుకున్నావేటి?" అనేది.

ఊరి మొదట్లో ఒక బోర్డు కూడా పెట్టారు, సైబీరియా పక్షుల విడిది అని. అంత దూరం నుంచి తమ ఊరిని వెతుక్కుంటూ వస్తున్నాయని వాళ్ల మురిపెం. ఆ బోర్డు దగ్గర ఫోటో దిగని చుట్టం లేడు.

అందరికన్నా పెద్ద చింతచెట్టు మా అత్త వాకిట్లో ఉంది కాబట్టి, ఏటా ఆవిడ ఇంట్లో ఒకటో రెండో పిల్లలు ఉండేవి. వాటికోసం బుట్ట పట్టుకుని పుట్టింటి తంపరకి వచ్చి, నత్తలు ఏరుకుని, గుల్లలు కొట్టి, ఆ మెత్తటి మాంసం వేళ్లతో నోట్లో పెట్టేది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పని. ఆవిడ ఒంటికి పట్టిన ఆ నీచు వాసన నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

మొన్నటి ఆగస్టులో అభివృద్ధి సంస్థవాళ్లు కొత్త ప్లాను చిత్తు పటం తెచ్చి జిల్లేడుపేట పంచాయతీ ఆఫీసు బయటి గోడకి అంటించారు. హైవే నుంచి సముద్రం దాకా మా ప్రాంతమంతా ఉంది అందులో. ఇళ్లు ఎక్కడ రావాలి, ఫ్యాక్టరీలు ఎక్కడ పెట్టాలి, రోడ్డు ఎటు పోవాలి, ఏ నేలని ముట్టుకోకూడదు, అన్నీ రంగుల్లో గీశారు. జిల్లేడుపేటవాళ్లు ముందే అర్జీ పెట్టుకున్నారు కాబట్టి వాళ్ల చింతచెట్ల చుట్టూ, ముట్టుకోకూడదని, చక్కగా ఆకుపచ్చ సున్నా చుట్టారు. ఊరి పెద్ద నూకయ్య అందరికీ బూందీ పంచిపెట్టాడు. నేనూ రెండు పిడికిళ్లు తిన్నాను. నా సంతోషం వేరే. హైవే నుంచి మా తంపర చివరిదాకా అంతా పసుపు రంగే. పసుపంటే ఇళ్ల స్థలాలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నేను వెంచర్‌కి అప్పుడే పేరు కూడా పెట్టేశాను, లేక్ వ్యూ అని. లేకు పూడ్చేశాక వ్యూ ఎక్కడిదని నన్ను అడగొద్దు, మా వ్యాపారంలో అలాంటివి అడగరు.

అత్త కళ్లజోడు తుడుచుకుని పటానికి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడింది.

"ఒరే ధర్మా, మన తంపర ఇందులో ఏదిరా?"

చూపించాను. "పసుపు రంగత్తా. ఇళ్లు వస్తాయి. నీ చెక్కకి కూడా దశ తిరిగింది."

ఆవిడ పచ్చటి సున్నా కేసి చూసింది, పసుపు కేసి చూసింది. "మరి ఇవి ఏటి తింటాయిరా?" అంది.

"ఏవి?"

నా నెత్తి మీద ఒకటి మొట్టి, వేలు పైకి చూపించింది. పైన చెట్టు మీద పిల్లలు ఆకలికి గోల పెడుతున్నాయి.

"రెక్కలున్నాయి పద్మమ్మా, యెక్కడికో ఎల్లి తినీసి వస్తాయి," అన్నాడు నూకయ్య బూందీ నములుతూ.

"పురిటిగది ఉంచీసి వంటిల్లు అమ్మీసినట్టున్నాది మీ యవ్వారం," అంది అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మర్నాడు ఇంకా తెల్లవారకుండానే మా ఇంటికొచ్చి నన్ను మంచం మీంచి లేపేసింది. "తంపర సూద్దువు గాని రా," అంది.

"నేను అక్కడే పుట్టానత్తా."

"పుట్టినావు. సూడనేదు."

తిట్టుకుంటూ వెళ్లాను. గట్టు వానకి నాని కాలు జారుతోంది. నా మనసులో మాత్రం రోడ్లూ పార్కూ వాటర్ ట్యాంకూ ఎక్కడెక్కడ పెట్టాలా అని గీతలు గీసుకుంటున్నాను. తూర్పున కొద్దిగా ఎరుపు తేలింది. అప్పుడు జిల్లేడుపేట వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. దూరంగా వాన వస్తున్నట్టుంది. తలెత్తి చూశాను.

ఆకాశంలో ఒక దారి ఉంది. నేను పుట్టి పెరిగిన ఊరి మీద, నా నెత్తి మీద, ఇన్నేళ్లుగా ఒక దారి ఉంది! కొంగల వెనక కొంగలు, వాటి వెనక కొంగలు, జిల్లేడుపేట చెట్ల నుంచి మా తంపర దాకా తెగకుండా వస్తున్నాయి. మా మీదికి రాగానే రెక్కలు చాపి, గుండ్రంగా తిరుగుతూ, కాళ్లు వేలాడేసి ఒక్కొక్కటే దిగుతున్నాయి. రెక్కల గాలి నా ముఖానికి తగిలింది. చూస్తుండగానే పొలమంతా నిండిపోయింది. ఒకటి నాకు బారెడు దూరంలో నిలబడి, బురదలో ముక్కు ముంచి, నత్తని పట్టింది. ముక్కుకొసతో ఏదో చిన్న పని చేసింది, అంతే. నత్త గొంతులోకి, గుల్ల నీళ్లలోకి. గుల్ల పగలనైనా పగల్లేదు. ఈలోగా కడుపు నింపుకున్నవి లేచి అదే దారిన వెనక్కి పోతున్నాయి, గూట్లో పిల్లలకి కక్కి పెట్టడానికి. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. ఒకదానికొకటి తగలడం లేదు.

అబద్ధమెందుకు, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేల అంటే గజాలు తప్ప ఇంకోటి తెలియనివాణ్ణి, ఆ పొద్దు గజం అన్న మాటే నాకు గుర్తు రాలేదు. కాసేపటికి కోపం వచ్చింది. ఇంత గొప్ప సంగతి నా కళ్ల ముందు జరుగుతుంటే ఎవడూ చెప్పలేదేమిటి? చెప్పినా వినేవాణ్ణి కాదు, అది వేరే మాట.

"సూసినావా? ఇంక నీ ఇష్టం," అంది అత్త.

అదే రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ ఈ సంగతి మా నాన్న ముందు పెట్టింది. వచ్చే నెల ప్లాను మీద జనం మాట వినడానికి పెట్టే సభలో, తంపరని పచ్చరంగులోకి మార్చమని అడుగుదామంది. నాన్న ముద్ద కలపడం ఆపేశాడు.

"నా మోకాళ్లు సూడే పిల్లా," అన్నాడు. "అరిగిపోనాయి. మా నాయన ఆ బురదలోనే పోనాడు. నానూ అందులోనే ముసిలోణ్ణైపోనాను. ఇన్నాళ్లకి ఒక దారి కనపడతన్నాది. పిట్టల కోసం దాన్ని మూసీమంటావేటి? మన నాట్లు తొక్కీసీ పిట్టలకి?"

"అన్నియ్యా, అవి..."

"ఇదిగో, సెప్తన్నాను. సభలో నువ్వు నోరు తెరిసినావా, మళ్లీ నా గుమ్మం తొక్కకు. నీకు పుట్టిల్లు నేదనుకో."

మా అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అత్త విస్తట్లో అన్నం సగం మిగిల్చి లేచింది. బస్సు దాకా దిగబెట్టడానికి వెనకే వెళ్లాను. బస్సు ఎక్కబోతూ, "ఆడు ఊరికే అనడురా. అన్నాడంటే సేస్తాడు," అంది. ఆవిడ గొంతులో భయం నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

అయినా ఊరుకుందా? పటం కింద ఉన్న నంబరుకి ఫోను చేసింది. రెండ్రోజులకి ప్లానింగ్ ఆఫీసర్ షాలిని జీపులో దిగింది. శ్రీకాకుళం అమ్మాయి, బాప్టిస్టు చర్చి వాళ్ల కుటుంబం. గట్టు మీద నిలబడి పక్షుల్ని చూసింది. తర్వాత జీపు బానెట్ మీద ఒక పెద్ద పటం పరిచింది. ఇదేదో మా గోడ మీద అంటించింది కాదు. ఇందులో రంగులు లేవు, నీళ్లు మాత్రమే ఉన్నాయి.

"ఇవి కొండల మీంచి దిగే గెడ్డలండీ," అని వేలు పెట్టి చూపించింది. ఆ వాగులన్నీ వంకర్లు తిరుగుతూ వచ్చి, వంశధార కాలవ మిగులు నీళ్లతో కలిసి, మా తంపరలో ఆగుతున్నాయి. ఇక్కడ నెమ్మదించి, ఇంకి, మిగిలింది సముద్రం వైపు పోతోంది. "ఇక్కడ మట్టి పోస్తే ఈ నీళ్లు ఆగవు. కోటబొమ్మాళి వీధుల్లోకి వస్తాయి. మీ ఆఫీసు ఎక్కడన్నారు?"

చెప్పాను. ఆవిడ వేలు అక్కడికే వెళ్లి ఆగింది.

కొండ నుంచి కడలి దాకా నేలంతా ఒకటే ఒళ్లు అని నాకు అప్పుడు తెలిసింది. నేను దాన్ని ముక్కలుగానే చూశాను, ముక్కలుగానే అమ్మాను. ఆ పటం కేసే చూస్తుండిపోయాను. మా అత్త కూడా అంతే. "ఓలమ్మో, ఇంత ఉన్నాదేటి!" అంది. తంపర అంటే ఆవిడకి కొంగలూ నత్తలే. కొండల దాకా ఉన్న చుట్టరికం ఆవిడకీ కొత్తే.

"ఊరు పెరగొద్దని కాదండీ," అంది షాలిని. "పెరిగి తీరుతుంది. రైలు కట్టకి అవతల మెట్ట ఉంది కదా, నీళ్లు నిలవవు, స్టేషన్ దగ్గర. ఇళ్లు అటు తిప్పొచ్చు. తంపర వదులుకున్న రైతుకి మెట్ట మీద కట్టుకునే హక్కు ఇప్పించమని మా ప్రతిపాదనలో రాస్తాను. ఆ హక్కు అమ్ముకోవచ్చు కూడా. కానీ పచ్చరంగు కావాలని భూమి గలవాళ్లే సభలో అడగాలి. నేనొక్కదాన్నే గీస్తే రేపు ఇంకొకరు చెరిపేస్తారు."

వెళ్తూ వెళ్తూ అత్తని దింపడానికి జిల్లేడుపేటలో ఆగి, ఊరి బోర్డు చూసి నవ్వింది. "ఇవి సైబీరియావి కావమ్మా. మన దేశపువే. ఎక్కడ తడి నేల, నత్తలు ఉంటే అక్కడికి తిరుగుతూ ఉంటాయి," అంది. అత్త ఆ బోర్డు పక్కనే కూలబడింది.

సెప్టెంబరులో కోటబొమ్మాళిలో సభ. హాలు కిటకిటలాడిపోయింది. పటం గోడకి కట్టారు, మెట్ట మీద హక్కు సంగతి షాలిని ముందే అందరికీ చెప్పింది. తంపరవలసవాళ్లంతా ఒకవైపు, ముందు వరసలో మా నాన్న. జిల్లేడుపేటవాళ్లు ఇంకోవైపు. నూకయ్య లేచి, దూరదేశం నుంచి వచ్చే ఆడపడుచులకి తమ ఊరు పుట్టిల్లని, తంపర కూడా కాపాడి పుణ్యం కట్టుకోమని ఉపన్యాసం దంచాడు. అంతే, మావాళ్లు భగ్గుమన్నారు.

మా నాన్న లేచాడు. "మీ ఆడపడుచులైతే మీరే పెట్టుకోండి! పుట్టిల్లని పేరు మీది, ఫోటోలు మీవి. మేపడానికి మా సేలు గావాలేటి? నాట్లు తొక్కితే మీ ఊరోడు ఒక్కడొచ్చి పలకరించినాడేటి?"

నిజానికి అందులో అబద్ధం ఒక్కటి లేదు. హాలంతా చప్పట్లు. నేను అత్త కేసి చూశాను. ఆవిడ చీర కొంగు బిగించి లేచింది. నాన్న చెల్లెలి కళ్లలోకి చూశాడు. గుమ్మం సంగతి ఇద్దరికీ గుర్తుంది. నాకూ గుర్తుంది. కూర్చోమని సైగ చేశాను. పట్టించుకోలేదు.

"మా అన్న సెప్పింది నిజిం," అంది. "నాను జిల్లేడుపేట కోడల్ని. ఇన్నేళ్లూ మాది పుట్టిల్లు, మాది పుట్టిల్లని ఊరేగినాం. ఏటి పెట్టినాం మేం? కొమ్మ ఇచ్చినాం. బొట్టెట్టినాం. అన్నం పెట్టినామేటి? ఆ పిల్లలకి ఒక్క ముద్దయినా మా ఊరిది కాదు. సైబీరియా నుంచి కూడా రానేదంట. ఈ తంపర తిని పెరిగిన పిల్లలంట. మాది పుట్టిల్లు కాదు, మంత్రసాని ఇల్లు. పుట్టిల్లు తంపరవలస."

జిల్లేడుపేట వరసల్లో పెద్ద రభస. "మా ఊరి పరువు తీసీసినావు కదే!" అని నూకయ్య కేక వేశాడు. అత్త అటు తిరిగి కూడా చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, పటం మీద వేలు పెట్టింది.

"షాలినమ్మా, ఇది నా పసుపు కుంకుమ. నాకున్నదల్లా ఇదే. ముందు దీన్ని పచ్చరంగు సెయ్యి. ఇంకెవల్నీ అడగను. నాకా హక్కు నేదు." వెనక్కి తిరిగి నాన్న కేసి చూడ్డానికి మాత్రం ధైర్యం చాలలేదు. వేలు పటం మీదే పెట్టుకుని, గోడ కేసి నిలబడిపోయింది.

మా నాన్న కుర్చీ మీంచి లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను. నడుం పట్టుకుని, నెమ్మదిగా గోడ దాకా నడిచాడు.

"దాని పక్కది నాది," అన్నాడు షాలినితో. "ఆడపిల్ల పాలు పచ్చగా ఉండి అన్న పాలు పసుప్పచ్చగా ఉంటే నాను ఊళ్లో తలెత్తుకోనేను. నాదీ సేసీ. మెట్ట మీద హక్కన్నావు, మాట తప్పినావంటే మాత్రం నీ ఆఫీసు ముందు కూకుంటాను."

తర్వాత ఒకరొకరే లేచారు. అందరూ లేవలేదు. హైవే పక్క వాళ్లు ససేమిరా అన్నారు, వాళ్ల చెక్కలు ఇప్పటికీ పసుపే. చివరి పటంలో తంపర చాలామటుకు పచ్చగానే వచ్చింది. ఇళ్లు రైలు కట్ట దాటి మెట్టకి వెళ్లాయి. రోడ్డు వంపు తిరిగింది. నా లేక్ వ్యూ గంగలో కలిసింది. మెట్ట మీద స్థలాలు అమ్ముకుంటూ నా పొట్ట నేను పోసుకుంటున్నాను. జిల్లేడుపేటలో సగం మంది అత్తతో ఇప్పటికీ మాట్లాడరు.

కానీ నేను చెప్పాల్సింది ఆ సాయంత్రం గురించి. సభ అయ్యాక అత్త ఎవరి ముఖమూ చూడకుండా జిల్లేడుపేట బస్సు ఆగే వైపు నడుస్తోంది. నాన్న నా బండి ఎక్కకుండా రోడ్డు మీద నిలబడి గట్టిగా పిలిచాడు.

"ఒసే పద్మా! ఇల్లు అటేటి? ఇటు కదా!"

ఆవిడ ఆగింది. తిరిగి చూడ్డానికి కాస్త సమయం పట్టింది. తిరిగేటప్పటికి ముఖం తడిసిపోయి ఉంది. నాన్న చూడనట్టు నటించాడు.

ఊరి మొదట్లో బండి ఆపి ముగ్గురం గట్టు మీదుగా నడిచాం. నాన్న ముందు, అత్త వెనక, ఆఖర్న నేను. పొద్దు వాలుతోంది. తంపర నిండా కొంగలు, పిల్లల కోసం ఆఖరి మేత ఏరుతున్నాయి. అన్నాచెల్లెళ్లు సభలో మాట్లాడని మాటలన్నీ ఇప్పుడు అరుచుకుంటున్నారు. ఎకరాలు, మోకాళ్లు, మా తాత, చిన్నప్పుడెప్పుడో పోయిన గేదె, అన్నీ వచ్చాయి. అత్త ఏదో అని గట్టిగా నవ్వి, కాలు ధబ్బున వేసింది. దగ్గరున్న కొంగ ఒకటి ఉలిక్కిపడి రెక్క విప్పింది.

మా నాన్న చప్పున ఆగి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెల్లిగా నడవే," అన్నాడు. "తింటన్నాయి."